మన శాసనాల్లో ఇన్ని భాషలేమిటి? మధ్యయుగపు తెలుగు నేల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు దొరికితే పాత గుళ్ల వెంట, గుట్టల వెంట తిరగడం నాకు అలవాటు. ఒక్కణ్ణే మొదలుపెట్టాను. ఇప్పుడు ఎప్పుడు బయల్దేరినా పదిమంది తోడొస్తున్నారు. రాతి మీద అక్షరాలు కనిపించగానే అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ గొంతు చించుకోవడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

మధ్యయుగం అంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?

ఒక్కో పుస్తకం ఒక్కో లెక్క చెబుతుంది. ఇక్కడ నేను 6వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం దాకా తీసుకుంటున్నాను. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల తెలుగు శాసనం దొరికింది, దాని కాలం సుమారు 575. అక్కడ మొదలుపెట్టి గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలం దగ్గర ఆపుతాను.

తెలుగు నేలే కదా, శాసనాలన్నీ తెలుగులోనే ఎందుకు లేవు?

అందరూ మొదట అడిగేది ఇదే. దీని జవాబు పట్టుకుంటే మిగతా సగం ప్రశ్నలు తేలిపోతాయి.

ఇప్పుడు మనం భాషను జాతితో ముడిపెట్టి చూస్తాం. తెలుగువాడు తెలుగులో రాయాలి, కన్నడిగుడు కన్నడంలో రాయాలి అంటాం. అప్పటివాళ్లకు భాష పనిని బట్టి, వినేవాణ్ణి బట్టి మారేది. రాజుగారి వంశం, పరాక్రమం, దానం వల్ల వచ్చే పుణ్యం చెప్పాలంటే సంస్కృతం. నాలుగు రాజ్యాల అవతల ఉన్న పండితుడు చదివినా అర్థం కావాలి కదా! అదే దానమిచ్చిన పొలం సరిహద్దులు చెప్పాల్సి వచ్చేసరికి భాష మారిపోతుంది. తూర్పున ఏ చెరువు, పడమర ఏ పుట్ట, దక్షిణాన ఎవరి చేను అన్నది ఊళ్లోవాళ్లకు తెలియాలి. రేపు తగువొస్తే తీర్చేది వాళ్లే. అందుకే ఎన్నో తామ్రశాసనాల్లో పైన శ్లోకాలు, కింద సరిహద్దుల దగ్గర దేశభాష కనిపిస్తాయి.

శాపాలు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని సంస్కృత శ్లోకం ఒకటి వందల శాసనాల చివర ఉంటుంది. ఊళ్లో మోతుబరికి సంస్కృతం రాకపోతే భయం ఎలా పుడుతుంది? అందుకని పక్కనే తెలుగులోనూ చెక్కిస్తారు. దీనికి అడ్డొచ్చినవాడు గంగ ఒడ్డున కవిలను చంపిన పాపాన పోతాడు అని. కవిల అంటే కపిల గోవు. పుణ్యం సంగతి ఒక భాషలో చెప్పినా సరిపోతుంది గానీ బెదిరింపు మాత్రం రెండు భాషల్లో ఉండాల్సిందే!

మూడు భాషలు ఒకేచోట ఉన్న శాసనం ఏదైనా ఉందా?

ఉంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరి దగ్గర బొమ్మలగుట్ట ఉంది. గుట్ట పక్కరాతి మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కి ఉంటాయి. జనం నోట ఆ గుట్టకు బొమ్మలగుట్ట అని పేరు పడింది అందుకే. ఆ బొమ్మల కింద శాసనం ఉంది. 10వ శతాబ్దం నడిమి నాటిది. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడూ ఉన్నాయి.

వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవిగా పేరున్న పంపకు తమ్ముడు. అన్న వేములవాడ చాళుక్యరాజు అరికేసరి దగ్గర ఆస్థానకవి. 941 నాటికి భారతాన్ని కన్నడంలో కావ్యంగా చెప్పి రాజుగారి దగ్గర ధర్మపురి అగ్రహారం పుచ్చుకున్నాడు. తమ్ముడు ఈ గుట్ట మీద బొమ్మలు చెక్కించి, బసది, అంటే జైన గుడి, కట్టించి, ఒక చెరువు తవ్వించి, తోట వేయించాడు. చెరువుకు కవితాగుణార్ణవమని పేరు పెట్టుకున్నాడు. అది అన్నగారి బిరుదు. అన్న మీద ప్రేమో, అన్న పేరు చెప్పుకుని నలుగురిలో గొప్పగా ఉండాలనో, రెండూనేమో.

మనకు కావలసింది తెలుగు భాగం. అందులో ఉన్నవి కంద పద్యాలు. జినభవనాలు ఎత్తించడంలో, జినపూజలు చేయడంలో, జైనమునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి ఎవరని ఒక పద్యం అడుగుతుంది. కందం అంటే గణాలు కుదరాలి, ప్రాస నిలవాలి. నన్నయ్యకు నూరేళ్ల ముందే ఆ గుట్ట మీద తెలుగు కందం ఇంత చక్కగా నడిచిందంటే, అంతకు ముందే ఎవరో దాన్ని బాగా సాన పట్టి ఉండాలి. మొదటిసారి ఆ అక్షరాల మీద వేలు జరుపుతూ చదువుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వెంట వచ్చిన కుర్రాడు మాత్రం "అన్నా, సిగ్నల్ లేదిక్కడ" అన్నాడు.

అయితే పంప తెలుగువాడా, కన్నడిగుడా?

ఈ ప్రశ్నకు వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకున్నవాళ్లున్నారు. ఆయన పూర్వీకులది వేంగినాడులోని వంగిపర్రు. నివాసం ఇప్పటి తెలంగాణలో. రాసింది కన్నడంలో. ఇంట్లో తమ్ముడికి మూడు భాషలూ చేతనయ్యాయి. "మీరు ఎవరండీ" అని ఆయన్నే అడిగితే జైనుణ్ణి, కవిని, అరికేసరి స్నేహితుణ్ణి అని చెప్పేవాడేమో. భాష పేరు చెప్పుకుని ఉండేవాడని నాకు అనిపించదు.

నన్నయ్య ఉన్న కొలువులోనైనా అంతా తెలుగే కదా?

అక్కడ ఇంకా ఎక్కువ కలగలుపు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి వంశ మూలపురుషుడు కుబ్జవిష్ణువర్ధనుడు. కన్నడ నేల నుంచి, బాదామి నుంచి వచ్చినవాడు. నరేంద్రుడి తల్లి కుందవ్వ తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. అంటే అమ్మమ్మగారిల్లూ తమిళమే, అత్తగారిల్లూ తమిళమే. ఆ దంపతుల కొడుకే 1070లో వెళ్లి చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు.

ఇక కవుల సంగతి. భారతం తెనిగించడంలో నన్నయ్యకు తోడు నిలిచిన స్నేహితుడు నారాయణభట్టు. 1053లో రాజు ఆయనకు నందంపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనం రచించింది నన్నయ్యే. అందులో నారాయణభట్టును సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం, ఈ ఐదు భాషల్లో సుకవి అని పొగిడాడు. తెలుగు భారతానికి చెయ్యి అందించిన మనిషిని మెచ్చుకోవడానికి ఎంచుకున్న మాట ఐదు భాషలు వచ్చినవాడని! తెలుగు భాషకు ఆదికవి అనుకునే ఆయనకు తెలుగు ఒక్కటే రావడం గొప్పగా తోచలేదు. పైశాచికం అంటే దెయ్యాల భాష కాదు లెండి, అదీ ఒక ప్రాకృతమే. ఈ అనుమానం ప్రతిసారీ ఎవరో ఒకరు బయటపెడతారు.

కాకతీయులు కన్నడంలో శాసనాలు వేయించారంటారు. నిజమేనా?

నిజమే. తొలి కాకతీయులు కల్యాణి చాళుక్యుల కింద సామంతులు. పై ఆఫీసు ఏ భాషలో ఉత్తరాలు రాస్తే కింది ఆఫీసూ అదే రాస్తుంది కదా, అలాగన్నమాట. రెండో ప్రోలరాజు కాలంలో, 1117లో, మంత్రి బేతన భార్య మైలమ హనుమకొండ గుట్ట మీద జైన బసది కట్టించి వేసిన శాసనం కన్నడంలో ఉంది. ఇప్పుడు మనం పద్మాక్షి అమ్మవారి గుడి అంటున్నది అక్కడే. చాళుక్యుల పట్టు జారిపోయాక 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి దగ్గర వేయించిన శాసనం సంస్కృతంలో ఉంది. నేనిక ఎవరి కిందా లేనని చెప్పడానికి సంస్కృతం పనికొచ్చింది. ఆ తర్వాత రాజ్యం తీరం దాకా పెరిగేకొద్దీ ఊరూరా దానాలిచ్చిన నాయకులు, రెడ్లు, వర్తకులు, మామూలు గొల్లలు వేయించిన శాసనాల్లో తెలుగుదే పైచేయి అయింది.

తెలుగు లిపి, కన్నడ లిపి ఒకటేనా?

చాలాకాలం ఒకటే. పండితులు దాన్ని తెలుగు-కన్నడ లిపి అనే అంటారు. 11వ శతాబ్దం నుంచి నెమ్మదిగా వేరుపడుతూ వచ్చాయి. ఇప్పటికీ తలకట్టు తీసేసి చూడండి, సగం అక్షరాలు కవలపిల్లల్లా ఉంటాయి.

బయటివాళ్లు మన భాషను గుర్తించారా?

గుర్తించారు. సుమారు 1030లో అల్‌బిరూనీ భారతదేశపు లిపుల జాబితా వేస్తూ ఆంధ్రదేశంలో ఆంధ్రీ లిపి ఉందని రాసుకున్నాడు. 1318లో ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఈ దేశపు భాషలు లెక్కపెడుతూ తిలంగీ పేరు చెప్పాడు. కన్నడాన్ని ద్వారసముద్రం పేరు మీద, తమిళాన్ని మాబర్ పేరు మీద పిలిచాడు. దూరం నుంచి చూసేవాడికి భాషలన్నీ ఊళ్ల పేర్లతోనే గుర్తుంటాయి.

రాజుల మాట సరే, మామూలు జనానికి వేరే భాషలు వచ్చేవా?

జనం మాటలను ఎవరూ రాతి మీద చెక్కలేదు. కాకపోతే మూడు భాషలవాళ్లు ఒకచోట చేరిన సందర్భాలు తెలుసు. ఒకటి సంత, ఇంకొకటి తీర్థం.

సంత అంటే ముందు మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు అక్కడ ఓడవర్తకులకు అభయశాసనం వేయించాడు. తుపానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వం రాజులు మొత్తం లాగేసుకునేవారు. ఇకమీదట నిర్ణీతమైన సుంకం తప్ప ఇంకేదీ తీసుకోబోమని రాజు మాటిచ్చాడు. కర్పూరం, చందనం, పన్నీరు, ముత్యాలు, ఏనుగుదంతాలు, మిరియాలు వచ్చిపోయే రేవులో ఒక్క భాషతో బేరం తెగదు.

ఆ వర్తకుల్లో పెద్ద సంఘం అయ్యావళె ఐదు వందలవారు. కర్ణాటకలో ఇప్పటి ఐహొళె వాళ్ల పుట్టిల్లు. ఎక్కడికి వెళితే అక్కడి భాషలో శాసనం వేసేవారు. కన్నడంలో ఉన్నాయి, తెలుగులో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి. సముద్రం దాటి సుమత్రా దీవిలోని బారూస్‌లో 1088లో వేసింది తమిళంలో ఉంది.

తీర్థం అంటే శ్రీశైలం. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు శివరాత్రికి కొండెక్కే యాత్రికుల్ని వర్ణించాడు. ఈయన తెలుగులోనూ కన్నడంలోనూ సంస్కృతంలోనూ రాసినవాడు. ఆయన తెలుగు ద్విపదలో చెప్పిన బసవ పురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకెళ్లాడు. బసవడు కన్నడ నేలవాడు, కథ ముందు తెలుగులో కావ్యమైంది, తర్వాత మళ్లీ కన్నడానికి వెళ్లింది. కూతురు పురిటికి పుట్టింటికి వెళ్లినట్టు. ఇప్పటికీ ఉగాదికి శ్రీశైలం వెళ్లి చూడండి. క్యూలో వినబడేది ఎక్కువగా కన్నడమే.

తిరుమలలో తమిళ శాసనాలే ఎక్కువట కదా?

అవును. ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. కొండ మీద, కింద తిరుపతిలో కలిపి వెయ్యికి పైగా శాసనాలుంటే వాటిలో చాలా మటుకు తమిళమే. తెలుగు, కన్నడ శాసనాలు కొద్ది. పల్లవ వంశపు సామవాయి 10వ శతాబ్దంలో వెండి భోగ శ్రీనివాసమూర్తిని ఇచ్చిన సంగతి తమిళంలోనే ఉంది. శ్రీవైష్ణవ సంప్రదాయం అటు నుంచి ఎక్కి వచ్చింది, గుడి లెక్కలు రాసినవాళ్లూ అటువాళ్లే. శ్రీకృష్ణదేవరాయలు 1513లో స్వామికి ఇచ్చిన కానుకలను తమిళంలో, తెలుగులో, కన్నడంలో చెక్కించాడు. అంతకు కొద్దికాలం ముందే అన్నమయ్య అదే కొండ మీద తెలుగులో వేల సంకీర్తనలు పాడాడు.

శాసనాలు చదవడం రాకపోయినా పరవాలేదు. ఈసారి దర్శనానికి వెళ్లినప్పుడు చెవులు రిక్కించి వినండి. తిరుప్పావై, తోమాల అన్నవి తమిళం నుంచి వచ్చినవి. సుప్రభాతం, ఆనందనిలయం సంస్కృతం. బంగారు వాకిలి అచ్చ తెలుగు. పారుపత్తేదారు అన్న ఉద్యోగి పేరులో చివరి 'దారు' పారశీకం. ఇవన్నీ అరగంటలో మన చెవిన పడతాయి. మనం మాత్రం "జరగండి జరగండి" అన్నదొక్కటే విని బయటపడతాం.

పారశీకం ఎప్పుడొచ్చింది? ముస్లిం పాలకులతో తెలుగు తగ్గిపోయిందా?

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. మరుసటి ఏడాదే, 1324లో, రాజమండ్రి మసీదు మీద పారశీక శాసనం పడింది. యుద్ధం వెంట వచ్చిన భాష అది, అందులో దాపరికం లేదు. అయితే వచ్చిన భాష వచ్చినట్టు ఉండిపోలేదు. సుల్తాన్ అన్న మాటను మన పండితులు సురత్రాణుడని సంస్కృతం చేశారు. దేవతల్ని కాపాడేవాడని అర్థం వచ్చేట్టు! ఆ బిరుదు ఎంత నచ్చిందంటే విజయనగర రాజులు తమను తాము హిందూరాయ సురత్రాణులమని చెప్పుకున్నారు.

తెలుగు తగ్గలేదు. ఇబ్రహీం కుతుబ్‌షా కుర్రతనంలో అన్నకు భయపడి పారిపోయి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల నీడన తలదాచుకున్నాడు. 1550లో గోల్కొండ గద్దెనెక్కాక తెలుగు కవుల్ని పిలిచి ఆదరించాడు. వాళ్లు ఆయన్ను మల్కిభరాముడన్నారు. మలిక్ ఇబ్రహీం పద్యంలో ఒదగాలంటే అలాగే నలగాలి. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఇంకొకటి. సంస్కృతం మాటే పడనివ్వకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం పొన్నెగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర. దాన్ని అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరులో ఇబ్రహీం అధికారి అమీన్ ఖాన్. అచ్చ తెలుగుకు తొలి దిక్కు ఒక ఖాన్‌గారు.

మాటల సంగతికొస్తే, "ఈ రోజు రైతు బజారులో అయిన ఖర్చు కాగితం మీద రాశాను" అని చెప్పి చూడండి. రోజు, రైతు, బజారు, ఖర్చు, కాగితం. ఈ ఐదు పారశీకం దారిన వచ్చినవే.

అంటే అందరూ కలిసిమెలిసి చల్లగా బతికారన్నమాట?

అలా అనకండి. ఇబ్రహీమే 1565లో, తనకు నీడనిచ్చిన రామరాయల మీద మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. పాల్కురికి సోమనాథుడు మూడు భాషల్లో రాసినా జైనుల పేరెత్తితే నిప్పులు కక్కుతాడు. భాష దగ్గర లేని పట్టింపు మతం దగ్గర ఉండేది.

1368 నాటి శ్రవణబెళగొళ శాసనం చూడండి. శ్రీవైష్ణవులు తమకు అన్యాయం చేస్తున్నారని జైనులు విజయనగర రాజు బుక్కరాయల దగ్గరికి ఫిర్యాదు తీసుకెళ్లారు. వాళ్లలో మన పెనుగొండ జైనులూ ఉన్నారు. రాజు జైనుల చెయ్యి తీసి వైష్ణవుల చేతిలో పెట్టి మీకూ వీళ్లకూ తేడా లేదన్నాడు. అంతటితో వదల్లేదు. జైనులు ఇంటికి ఏటా ఒక హణం (అప్పటి నాణెం) చొప్పున ఇవ్వాలి, ఆ డబ్బు తిరుమల తాతయ్య అనే వైష్ణవుడు వసూలు చేసి బెళగొళ దేవుడికి ఇరవైమంది కాపలాదార్లను పెట్టాలి, మిగిలిన డబ్బుతో పాడుబడ్డ బసదులకు సున్నం కొట్టించాలి అని తీర్పిచ్చాడు. జైన దేవుడికి కాపలా పెట్టే బాధ్యత వైష్ణవుడి నెత్తిన! రాజు మంచితనం కంటే తెలివే ఇందులో నాకు ఎక్కువ కనిపిస్తుంది. అసలు కాపలా పెట్టాల్సి వచ్చిందంటే గొడవ చిన్నది కాదని కూడా తెలుస్తూనే ఉంది.

గోండి, కోయ, సవర భాషల శాసనాలు ఎందుకు కనిపించవు?

ఈ ప్రశ్న అడిగింది ఒక్కరే, ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఒక పంతులమ్మ. తరచుగా అడిగే ప్రశ్న కాదు, అడగాల్సిన ప్రశ్న కాబట్టి ఇక్కడ చేర్చాను.

శాసనం అంటే దానపత్రం. రాజు ఇవ్వాలి, గుడో బ్రాహ్మణుడో పుచ్చుకోవాలి, పన్ను మాఫీ కావాలి. ఈ లావాదేవీకి బయట బతికినవాళ్ల భాష రాయి ఎక్కలేదు. శ్రీశైలం అడవిలో చెంచులున్నారు, గోదావరి ఒడ్డున కోయలున్నారు, ఉత్తరాంధ్ర కొండల్లో సవరలున్నారు. మూడు భాషల శాసనం చూసి మనం మురిసిపోతున్నప్పుడు, ఆ గుట్ట చుట్టుపక్కల నాలుగో భాష, ఐదో భాష మాట్లాడినవాళ్లు ఉన్నారన్నది మరిచిపోకూడదు.

నాకూ చూడాలని ఉంది. ఎలా వెళ్లాలి, ఎలా చదవాలి?

పొద్దున్నే వెళ్లండి, లేదా సాయంత్రం. ఎండ ఏటవాలుగా పడితేనే గీతలు లేస్తాయి. నడినెత్తిన ఎండలో రాయి బోసిగా ఉంటుంది. టార్చిలైటును పక్క నుంచి వేసినా పని జరుగుతుంది. సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు, పసుపు కుంకుమ పూయొద్దు, నూనె అసలే వద్దు. శాసనాధికారులు తడి కాగితం రాతికి పరిచి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్ది అచ్చు తీస్తారు. అది నేర్చినవాళ్ల పని, మనం ఫోటోతో సరిపెట్టుకోవాలి. చదవడానికైతే ముందు 13వ శతాబ్దపు తెలుగు శాసనాలతో మొదలుపెట్టండి. "స్వస్తిశ్రీ", "శకవర్షంబులు" అన్న రెండు మాటలు గుర్తుపట్టగలిగితే పది అక్షరాలు మీ చేతికి వచ్చినట్టే.

వెళ్లాలనుకుంటే ఆలస్యం చేయకండి. పేరు చెప్పను గానీ ఒక ఊళ్లో గుడి స్తంభం మీద రెండు భాషల శాసనం ఉండేది, రెండుసార్లు చూశాను. మూడోసారి వెళ్లేసరికి జాతర కోసమని స్తంభం మొత్తానికి ఆయిల్ పెయింట్ వేశారు. కింద నాలుగు వేళ్ల మందం వదిలేశారు. అక్కడ "కవిలను చంపిన" అన్నంత వరకు కనిపిస్తోంది.